మూడోసారి అంటించిన 318

2023 అక్టోబరు. టెక్సస్‌లో ఫ్రిస్కో ఊరు దాటి ఉత్తరానికి వెళ్తే, కొత్త ఇళ్ల కాలనీలు అయిపోయి పొలాలు ఇంకా మొదలుకాని చోట, హైవే పక్కన వరసగా రేకుల షెడ్లు ఉంటాయి. ఒకదాంట్లో టైర్లు అమ్ముతారు, ఒకదాంట్లో పడవలు బాగుచేస్తారు, చివరిది నాది. నేను డర్ట్ బైక్‌లకు డెకాల్స్ అంటిస్తాను. డర్ట్ బైక్ అంటే మట్టి ట్రాక్ మీద గుట్టలు గెంతుతూ పరుగెత్తే రేసు బండి. దాని ఒంటి మీద మెరిసే రంగులూ గీతలూ నంబర్లూ పెయింట్ అనుకుంటారు చాలామంది. అవన్నీ మందపాటి వినైల్ స్టిక్కర్లు. వాటినే డెకాల్స్ అంటారు. కంప్యూటర్‌లో గీసి, ప్రింట్ తీసి, బండి ఆకారానికి తగ్గట్టు కత్తిరించి, ఒక్కో ముక్కనూ చేత్తో అంటించాలి.

తెనాలిలో ఎం.కామ్ చదివిన మనిషి ఈ పనిలోకి ఎలా వచ్చిందని పార్టీల్లో అడుగుతుంటారు. గ్రీన్‌కార్డు వచ్చాక నాకు మొదట దొరికిన ఉద్యోగం సైన్‌బోర్డుల షాపులో. వ్యాన్ల మీద, దుకాణాల అద్దాల మీద అక్షరాలు అంటించేదాన్ని. ఒకరోజు ఎవరో డర్ట్ బైక్ ఫెండర్, అంటే మడ్‌గార్డు, ఒకటి తెచ్చారు. అటు వంపు, ఇటు వంపు, మధ్యలో బోల్టు రంధ్రాలు. ముడత పడకుండా అంటించడానికి సాయంత్రం దాకా కుస్తీ పట్టాను. చివరికి హీట్ గన్ వేడికి వినైల్ మెత్తబడి, ఆ వంపులోకి పట్టుబట్టలా ఒదిగిపోయింది. ఆ క్షణం నాకు కలిగిన ఆనందం ఇంకే పనిలోనూ దొరకలేదు. కొన్నాళ్లకే సొంత షాపు పెట్టుకున్నాను.

బండి పైన తొడిగే భాగాలను మేం ప్లాస్టిక్స్ అంటాం. ముందు చక్రం మీద ఫెండర్, రేడియేటర్‌కు రెండు వైపులా ష్రౌడ్స్, ముందూ పక్కలా నంబర్ ప్లేట్లు. పడితే విరక్కుండా వంగడానికి ఒక రకం జారుడు ప్లాస్టిక్‌తో చేస్తారు. దాని మీద మామూలు స్టిక్కరు నిలవదు. మా వినైల్ జిగురు చాలా గట్టిది. అయినా కింద ప్లాస్టిక్ శుభ్రంగా లేకపోతే అదీ ఓడిపోతుంది. అప్పటిదాకా నేను అంటించినవి అరిగాయి, చిరిగాయి, రంగు వెలిశాయి. ఊడిపోవడం మాత్రం సహస్ర బండితోనే చూశాను.

సహస్ర హైస్కూల్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. వాళ్ల నాన్న శ్రీధర్‌గారు ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాస్తారు, శని ఆదివారాలు కూతురికి మెకానిక్కు. తల్లి స్వరూపగారిని గుడిలో చూడటమే తప్ప నా షాపులో ఎన్నడూ చూడలేదు. కారణం సహస్రే చెప్పింది. అంతకుముందు ఏడాది ఒక జంప్ దగ్గర పడి సహస్రకు భుజం దగ్గర కాలర్‌బోన్ విరిగింది. ఆ రోజు నుంచి తల్లి ట్రాక్ మొహం చూడలేదు, బండి ఊసెత్తితే లేచి వెళ్లిపోయేది. చివరికి ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. ఈ సీజన్‌లో రీజనల్ పోటీకి అర్హత సాధిస్తే సహస్ర రేసుల్లో కొనసాగవచ్చు. లేదంటే బండి అమ్మేయాలి.

వేసవిలో కొత్త ప్లాస్టిక్స్ కొని నా దగ్గరికి తెచ్చారు. నల్లటి రంగు మీద నారింజ గీతలు, తెల్లటి పెద్ద అంకెల్లో 318. నాకే ముద్దొచ్చేలా కుదిరింది. కొన్ని వారాలకే అంచులు లేచాయని తిరిగొచ్చారు. మోకాళ్ల రాపిడి అనుకుని, ప్లాస్టిక్స్‌ను ఆల్కహాల్‌తో తుడిచి, మొత్తం కొత్తగా అంటించాను. సెప్టెంబరు రేసులో, అందరూ చూస్తుండగా, ముందు నంబరూ కుడిపక్క నంబరూ గాల్లోకి ఎగిరిపోయాయి.

మా వైపు చిన్న ట్రాక్‌లలో ల్యాపులు లెక్కపెట్టేది మనుషులే. గీత దగ్గర కూర్చున్నవాళ్లు బండి నంబరు చదివి రాసుకుంటారు. నంబరు కనబడకపోతే ఆ చుట్టు లేనట్టే. సహస్ర తిరిగిన ఒక చుట్టు అలా గల్లంతై, ముందు వరసలో ఉండాల్సిన పిల్ల వెనక్కి పడిపోయింది. ఎవరో ఆ ఖాళీ నంబర్ ప్లేటును ఫోటో తీసి రైడర్ల గ్రూపులో పెట్టారు. కింద నా షాపు పేరు, ఇక్కడి నంబర్లు సగం రేసుకే వస్తాయని ఒక ఎగతాళి. ఆ వారంలో ఆర్డర్లు ఇచ్చినవాళ్లు కొందరు మర్యాదగా వెనక్కి తగ్గారు.

సీజన్‌లో ఆఖరి అర్హత రేసు ఆదివారం. గురువారం మధ్యాహ్నం శ్రీధర్‌గారు ట్రక్కులో బండి తెచ్చి దింపి, ఏదో ఆఫీసు కాల్ ఉందని బయటే ఉండిపోయారు. సహస్ర లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఆంటీ, మీ స్టిక్కర్స్‌ది ఫాల్ట్ కాదు. అమ్మ పీకేస్తోంది. ఐ నో. నేను క్వాలిఫై అవ్వకూడదని."

ఆ మాట తల్లి మొహం మీదే అనేసిందట. తల్లి కాదనలేదట, ఔననలేదట. గిన్నెలు సర్దుకుంటూ ఉండిపోయిందట. అందుకే సహస్రకు ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

 ఊడి వచ్చిన ష్రౌడ్ డెకాల్‌ను బల్ల మీద పరిచి లైటు కింద చూశాను. చేత్తో పీకితే వినైల్ సాగుతుంది, అంచున గోటి మడత పడుతుంది, జిగురు కొంత ప్లాస్టిక్ మీదే చారలుగా ఉండిపోతుంది. ఇక్కడ అవేవీ లేవు. జిగురంతా స్టిక్కరు వెనకే ఉంది. వేలు పెట్టి చూస్తే అంటుకోవలసింది పోయి నున్నగా జారింది. ఇది ఎవరూ పీకలేదు. అసలు అంటుకోనేలేదు.

అప్పుడు నాలో పట్టుదల పుట్టింది. ముందు నంబర్ ప్లేటును బండి నుంచి విప్పి, బయటి వైపు ఒక టేపు ముక్క అంటించి లాగాను. చప్పుడు లేకుండా చేతికి వచ్చేసింది. అదే టేపును ప్లేటు లోపలి వైపు, ఎవరి చెయ్యీ తగలని చోట వేసి చూద్దామని తిప్పాను. లోపలి మూలన, కేబుళ్ల వెనక, చిన్న కుంకుమ బొట్టు కనిపించింది. దాని కింద పాత బొట్ల మరకలు కూడా ఉన్నాయి. ఎవరో పదేపదే పెడుతున్నారన్నమాట.

టేపును ఆ బొట్టుకు దూరంగా అంటించి లాగాను. చిటుక్కుమని పట్టుకుంది. అంటే ప్లాస్టిక్ మంచిదే. బయటి వైపు మాత్రమే ఏదో పూత ఉంది.

"ఈ బొట్టు నువ్వు పెట్టావా?" అని సహస్రను అడిగాను. తను కాదంది. నాన్న పెట్టరంది. ఆ మాట అంటూనే ఆగిపోయి, వంగి ఆ బొట్టు వైపు చాలాసేపు చూసింది.

నేను స్వరూపగారికి ఫోన్ చేశాను. ఆవిడ ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం చేస్తారు, ఆ రోజు ఇంటి నుంచే పని. నిందవేస్తున్నట్టు వినిపించకూడదని, బండిని దేనితో తుడుస్తున్నారో తెలిస్తే నాకు సాయంగా ఉంటుందని మాత్రమే అన్నాను.  "నేనే వస్త ఉండండి" అని పెట్టేశారు.

వచ్చేటప్పుడు చేతిలో ఒక స్ప్రే సీసా తెచ్చారు. కారు డాష్‌బోర్డు మెరవడానికి కొట్టే సిలికాన్ స్ప్రే. అది చూడగానే నాకు ఎగిరి గంతేయాలనిపించింది. డెకాల్ జిగురుకు సిలికాన్‌ని మించిన శత్రువు లేదు. నూనె కన్నా మొండిది. ఆల్కహాల్‌తో తుడిస్తే పోదు, ఇంకాస్త పలచగా పరుచుకుంటుంది. అంచుల సందుల్లోంచి లోపలికి పాకి, జిగురును అడుగు నుంచి లేపేస్తుంది. నెలల తరబడి నన్ను ఏడిపించిన దొంగ ఆ సీసాలో ఉంది.

స్వరూపగారు కూర్చోలేదు. సీసా బల్ల మీద పెట్టి నాతోనే మాట్లాడారు, కూతురి వైపు చూడకుండా.

"బురద పట్టి బరువైతే బండి జారుతదని మా ఆయన ఎవరికో ఫోన్ల చెప్తుంటె విన్న. మట్టి అంటదని ఈ సీస మీద రాసుండె. అందుకని రేసు ముంగట గ్యారేజ్‌లకి పోయి కొట్టి తుడిచిన. మంచిగనే చేస్తున్న అనుకున్న."

సహస్ర సీసా తీసుకుని దాని మీద రాసింది చదివింది. తల ఎత్తకుండానే అడిగింది. "నేను నిన్ను అలా అన్నప్పుడు ఎందుకు చెప్పలేదు, అమ్మా?"

"చెప్తే బండికి నేను ఒప్పుకున్న అనుకుంటవు. నేనింకా ఒప్పుకోలే."

 సహస్ర సీసా కింద పెట్టి, తల్లి భుజానికి తన భుజం ఆనించి నిలబడింది. కాలర్‌బోన్ విరిగిన వైపు అదే అని తర్వాత తెలిసింది. నేను లోపలికి వెళ్లి గ్లౌజులు వెతికే నెపం మీద కాసేపు గడిపి, మూడు జతలు తెచ్చాను.

కొత్త ప్లాస్టిక్స్ తెప్పించే వ్యవధి లేదు. ఉన్నవాటినే బాగుచేయాలి. ప్రతి ముక్కనూ విప్పి, వేడినీళ్లలో గిన్నెలు తోమే సబ్బుతో గరుకు పీచు పెట్టి రుద్దాం. ఆరాక సిలికాన్‌ను కరిగించే ద్రావకంతో తుడవాలి. ఇక్కడే అసలు కిటుకు ఉంది. తడిగుడ్డతో తుడిచిన వెంటనే, అది ఆరేలోపు, పొడిగుడ్డతో ఎత్తెయ్యాలి. ఆరనిస్తే కరిగిన సిలికాన్ మళ్లీ అక్కడే కూర్చుంటుంది. వాడిన గుడ్డ మళ్లీ వాడకూడదు. సహస్ర తడిగుడ్డ, స్వరూపగారు పొడిగుడ్డ, నేను టేపు పరీక్ష. మొదటి ముక్క దగ్గర టేపు జారింది. మళ్లీ తుడిచాం. కాస్త పట్టింది. ఇంకోసారి తుడిచాం. ఈసారి చిటుక్కుమంది. ఆ చిన్న చప్పుడుకు ముగ్గురం ఒకేసారి నవ్వాం. కాల్ ముగించుకుని వచ్చిన శ్రీధర్‌గారు భార్యను గ్లౌజులతో చూసి గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. సహస్ర ఆయన చేతికి గుడ్డల కట్ట ఇచ్చింది.

తర్వాత అంటించడం. అంచులు వచ్చే చోట్ల జిగురు పట్టును పెంచే ద్రవం పలచగా రాసి ఆరనిచ్చాను. డెకాల్ వెనక కాగితం మొత్తం ఒకేసారి తీయకూడదు. మధ్యలో ఒక పట్టీ మేర తీసి, బోల్టు రంధ్రాలు సరిగ్గా కూర్చునేలా చూసుకుని, అక్కడ నొక్కాలి. ఆ తర్వాత మధ్య నుంచి బయటికి గాలిని నెట్టుకుంటూ వెళ్లాలి. వంపు దగ్గర లాగకూడదు. లాగితే అప్పటికి అంటుకున్నా, సాగిన వినైల్ తన పాత కొలతకు వెళ్లాలని చూస్తుంది, అంచు లేస్తుంది. వేడి చూపించి, అదే మెత్తబడి ఒదిగేదాకా ఓపిక పట్టాలి. చివరిలో అంచులన్నీ మరోసారి వేడిచేసి వేలితో గట్టిగా నొక్కాలి.

ముందు నంబరు స్వరూపగారి చేత అంటించాలని నాకు అనిపించింది. ఆవిడ వద్దన్నారు. పాడైతే మీరు బాధ్యులవుతారన్నారు. నేను గాలి నెట్టే రబ్బరు బద్ద చేతిలో పెట్టాను. మూడు అంకె మీద మొదలుపెట్టి, ఊపిరి బిగబట్టి, ఎనిమిది దాకా వచ్చారు. అయిపోయిందని నేను అనుకుంటుంటే లైటు దగ్గరికి ఎత్తి చూసి, ఒకటి పక్కన బుడగ ఉందన్నారు. నాకు కనబడలేదు. నిజంగానే ఉంది, ఆవగింజంత. తప్పులు వెతకడమే తన ఉద్యోగమని నవ్వారు. ఆ బుడగను బయటికి నెట్టేదాకా వదల్లేదు.

జిగురు పూర్తిగా బిగియడానికి ఒక రోజంతా పట్టాలి. మాకు అంతకంటే ఎక్కువే ఉంది. ఆ తీరిక చాలనుకుంటుంటే శనివారం వాన దంచికొట్టింది.

ఆదివారం ట్రాక్ మలుపులన్నీ బురద. నేను షాపు మూసి వెళ్లాను. పోకుండా ఉండలేకపోయాను. స్వరూపగారు కూడా వచ్చారు. కుర్చీ తెచ్చుకున్నా దాంట్లో కూర్చోలేదు. రేసు రెండు విడతలు. ఒక్కో విడతను మోటో అంటారు. రెండూ కలిపి మొదటి ఆరుగురికి రీజనల్‌కు అర్హత. మొదటి మోటోలో సహస్రకు స్టార్టింగ్ గేటు దగ్గరే ఆలస్యమైంది. వెనక నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఎనిమిదో స్థానంలో ముగించింది. నంబర్లు నిలిచాయి. కానీ రెండో మోటోలో చాలా ముందు రావాలి.

రెండు మోటోల మధ్య అందరూ బండ్లు కడుగుతారు. ప్రెషర్ వాషర్ నీటి ధార చాలా బలంగా ఉంటుంది. రాయి మీద ఎండిన బురదను కూడా ఊడ్చేస్తుంది. డెకాల్స్‌కు అసలు పరీక్ష రేసులో కాదు, ఇక్కడ. పక్క బండివాళ్లు మా వైపు చూస్తున్నారు. గ్రూపులో ఆ ఫోటో చూసినవాళ్లే అయ్యుంటారు. శ్రీధర్‌గారు గొట్టం అందుకోబోతే స్వరూపగారు ముందే పట్టుకున్నారు. ధార అంచుకు ఎదురుగా కొట్టకుండా, మధ్య నుంచి ఏటవాలుగా, కాస్త దూరం నుంచి పట్టమని చెప్పాను. బురద కారిపోతుంటే నల్లటి ప్లేటు మీద తెల్లగా ఒక్కో అంకె బయటపడింది. మూడు, ఒకటి, ఎనిమిది. ఒక్క అంచు కూడా లేవలేదు. 

రెండో మోటోలో సహస్ర గేటు నుంచి బాణంలా దూకింది. మొదటి మలుపుకే నాలుగో స్థానం. జంప్ మీద బండి గాల్లోకి లేచినప్పుడల్లా స్వరూపగారు నా మణికట్టు నొక్కేవారు, చక్రాలు నేల తాకాక వదిలేవారు. చివరి చుట్టుకు ముందు, బురద మలుపులో ముందున్న బండి అడ్డంగా పడింది. సహస్ర దాన్ని తప్పించబోయి తనూ పడింది. వెనక వచ్చిన బండి ఫుట్‌రెస్టు సహస్ర బండి కుడిపక్క ప్లేటును గీరుకుంటూ పోయింది. ప్లాస్టిక్ పగిలిన చప్పుడు మాకు వినబడింది.

స్వరూపగారు నా చెయ్యి వదిలేశారు.  అంతదూరం నుంచి పిల్లను చూస్తూ, మెల్లగా, తనలో తానే అన్నట్టు అన్నారు. "లే బిడ్డా. లే."

సహస్ర లేచింది. బండి ఎత్తింది. కిక్ కొట్టింది, అంటుకుంది. అప్పటికే ముందు పడిన బండి లేచి వెళ్లిపోయింది, ఇంకో ముగ్గురు ఆమెను దాటేశారు. ఆఖరి చుట్టులో అందులో ఇద్దరిని మళ్లీ దాటి, ఐదో స్థానంలో గీత తాకింది. నేను ఎంత గట్టిగా అరిచానో, రెండు రోజులు గొంతు రాలేదు.

ఫలితం వెంటనే తేలలేదు. పడిన చోట గందరగోళంలో ఎవరు ఎన్ని చుట్లు తిరిగారో అని ఒకరి తండ్రి అభ్యంతరం పెట్టాడు. నంబర్లు చదివే టెక్సస్ ఆవిడ, నెరిసిన జుట్టు, పెద్ద టోపీ, మా బండి దగ్గరికి వచ్చి వంగి చూసింది. కుడిపక్క ప్లేటు మధ్యకు చీలిపోయి ఉంది. రెండు ముక్కలనూ కలిపి పట్టుకుని ఉన్నది నా వినైలే. ఒకటి మీదుగా గీత పడింది తప్ప 318 మొత్తం చదవొచ్చు. ప్రతి చుట్టులోనూ ఆ నంబరు తనకు స్పష్టంగా కనబడిందని ఆవిడ తేల్చి చెప్పింది. రెండు మోటోలు కలిపితే సహస్ర ఆరో స్థానం. అర్హుల్లో ఆఖరిది. ఆమెకు అది చాలు.

ఆ చీలిన ప్లేటు ఫోటోను మరుసటి రోజు రైడర్ల గ్రూపులో పెట్టింది నేను కాదు, ఆ టోపీ ఆవిడే. వెళ్లిపోయిన ఆర్డర్లు తిరిగొచ్చాయి, కొత్తవీ వచ్చాయి. స్వరూపగారు బండికి ఇప్పటికీ ఒప్పుకోలేదని అంటారు. రీజనల్‌కు మాత్రం అందరికంటే ముందే హోటల్ బుక్ చేశారు.

ఈ కేసు నా పనిలో ఒక అలవాటును మార్చింది. అంతకుముందు ఎవరైనా డెకాల్ ఊడిందని వస్తే ప్లాస్టిక్‌ను, జిగురును, నా చేతిని అనుమానించేదాన్ని. ఇప్పుడు ముందుగా ఈ బండిని ఎవరు తుడుస్తారని అడుగుతాను. నడిపేవాళ్లు చాలామంది నేనే అంటారు. కాస్త ఆగి, ఇంట్లో అడిగి చెప్పమంటాను. చాలాసార్లు ఎవరో ఒకరు బయటపడతారు. ఒక ఇంట్లో తాతగారు. ఇంకో ఇంట్లో భార్య. ఒకచోట పక్కింటి రిటైర్డ్ డాక్టర్‌గారు, కుర్రాడి బండి మట్టికొట్టుకుపోవడం చూడలేక కడిగిపెడుతున్నారట. వాళ్లు వాడేది తప్పు కావచ్చు. వాళ్లకు తుడవొద్దని మాత్రం చెప్పను. బండి నడిపేవాళ్లతో పాటు వాళ్లనూ షాపుకు రమ్మంటాను, ఏ సబ్బు వాడాలో చూపిస్తాను, ఆఖరి ముక్క వాళ్ల చేతే నొక్కిస్తాను. అలా నొక్కినవాళ్లెవరూ ఊడిపోయిందని మళ్లీ నా దగ్గరికి రాలేదు.